చేతి వైద్యానికి ప్లాసిబో ఎక్కడ దొరుకుతుంది?

జీఎస్-4లో ఇన్‌ఫార్మ్‌డ్ కన్సెంట్ అనగానే మనం మందుల ప్రయోగాల ఉదాహరణే రాస్తాం. ఈసారి మాత్రల్ని పక్కనపెట్టి చేతుల గురించి ఆలోచించండి. వెన్ను నొక్కి, కీళ్లు కదిపి చేసే వైద్యం నిజంగా పనిచేస్తుందని ఎలా తేల్చాలి?

మాత్ర అయితే తేలిక. అదే రంగు, అదే సైజు, లోపల మందు ఉండదు. ఇచ్చేవాడికీ మింగేవాడికీ తెలియదు. చేతికి అలాంటి నకలు లేదు. తాను నిజంగా నొక్కుతున్నాడో నటిస్తున్నాడో నొక్కే మనిషికి తెలిసే తీరుతుంది, కాబట్టి డబుల్ బ్లైండ్ మొదట్లోనే పోయింది. మరీ మెల్లగా తాకితే రోగి పసిగడతాడు. గట్టిగా తాకితే ఆ తాకిడే కొంత పనిచేయవచ్చు.

ఈ చిక్కు పాతదే. 1784లో పారిస్‌లో మెస్మర్ పద్ధతిని పరీక్షించిన రాజ సంఘంలో బెంజమిన్ ఫ్రాంక్లిన్, లవోయిజర్ ఉన్నారు. వాళ్లు రోగుల కళ్లకు గంతలు కట్టారు. చికిత్స జరుగుతోందని నమ్మిన రోగులకు, నిజానికి ఏమీ జరగకపోయినా, వణుకు పుట్టింది. తెలియకుండా చేస్తే ఏమీ కాలేదు. సైన్స్ చరిత్ర మీద ప్రశ్న వస్తే ఈ ఉదాహరణ వాడుకోండి, చాలామంది రాయరు.

అదే పారిస్‌లో 2021లో వెలువడిన మరో ప్రయోగం చూడండి. నడుము నొప్పి ఉన్న 400 మందిలో సగం మందికి ఆస్టియోపతీ, మిగతావారికి అవే చోట్ల తేలికపాటి తాకిడి, రెండు వారాలకోసారి చొప్పున ఆరుసార్లు. మూడు నెలలకు పనులు చేసుకోవడంలో తేడా వందకు 3.4 పాయింట్లు. నొప్పిలో చెప్పుకోదగ్గ తేడా లేదు.

ఇది చదివి మా నాన్నకు చెప్పాను. మాది శ్రీకాకుళం నుంచి జంషెడ్‌పూర్ వచ్చి స్థిరపడ్డ కుటుంబం. ముప్ఫై ఏళ్లు ప్లాంటులో వంగి లేచిన నడుము ఆయనది. సాక్చీలో ఒకాయన దగ్గర వారానికోసారి మూడు వందలిచ్చి నొక్కించుకుంటారు. "నీ పారిస్ లెక్కలు నా నడుముకేటి తెల్సురా" అన్నారు. ఆయన మాటలో న్యాయముంది. కానీ ఆ మూడు వందలు దేనికి పోతున్నాయి? చేతి నైపుణ్యానికా, అరగంట ఓపిగ్గా వినే మనిషికా, కాలానికా? నొప్పి బాగా ముదిరినప్పుడే మనం వెళ్తాం, ఆ తర్వాత అది ఎలాగూ కొంత దిగుతుంది. పుత్తూరు కట్టుకైనా ఇదే ప్రశ్న: ఎముక కొన్ని వారాల్లో తనంతట తానే అతుక్కుంటుంది, కాబట్టి పోల్చడానికి మరో గుంపు లేకుండా కట్టు గొప్పతనం తెలియదు.

2008లో కాప్చుక్ బృందం ఐబీఎస్ రోగులు 262 మందిని పరీక్షించింది. ఊరికే ఎదురుచూసినవారిలో 28 శాతానికి, ఉత్తుత్తి సూదులు పొందినవారిలో 44 శాతానికి, ఆ సూదులకు తోడు ఆప్యాయంగా మాట్లాడితే 62 శాతానికి ఉపశమనం. అంటే ప్లాసిబోను ఓడించలేదంటే ఏమీ జరగలేదని కాదు. ఫలానా పట్టుకు ప్రత్యేకమైన బలం రుజువు కాలేదని మాత్రమే.

ఫిజియోథెరపిస్టులను కూడా పరిధిలోకి తెచ్చిన అలైడ్ హెల్త్‌కేర్ చట్టం 2021లో వచ్చింది. రేపు ఏ చికిత్సకు ప్రభుత్వ సొమ్ము ఖర్చుపెట్టాలో ఫైలు మీద సంతకం మీరే పెట్టవచ్చు. అప్పుడు ఉత్తుత్తి గుంపులో పడే రోగికి ముందే ఏం చెప్పాలి? నా అభిప్రాయం: "రెండింటిలో ఏదో ఒకటి అందుతుంది, ఏదో చెప్పం" అని ఒప్పించాలి. "రెండూ నిజమైన చికిత్సలే" అనడం అబద్ధం.

నాన్నను మాన్పించలేదు. ఇంట్లో చేసుకునే వ్యాయామాలేంటో ఈ శనివారం ఆయన్ను అడిగి రాసుకు రమ్మన్నాను.