గట్టు మీద సైకిలు

ఇర్వింగ్‌లో కార్లు రాని దారి ఉందంటే మీరు నమ్ముతారా? ఉంది. పేరు కాంపియన్ ట్రైల్. ట్రినిటీ నది పాయల వెంట సాగుతుంది. అంతా పూర్తయితే 22 మైళ్ళు. ఎక్కువగా సిమెంటు దారే. పక్కన చెట్లు, తడి నేలలు, కొంగలు. పెద్ద వాన పడితే నది పొంగి, దారి మీద బురద మిగులుతుంది.

ఒక ఆదివారం నేను సైకిలు ఆపి నీళ్ళు తాగుతున్నాను. ఒక పెద్దాయన వచ్చి, "అమ్మా, ఆ గట్టు ఎక్కితే నది కనిపిస్తుందా?" అని తెలుగులో అడిగారు.

గట్టు! మారిషస్‌లో, చెరకు తోట పక్కన, మా నాన్నమ్మ అనే మాట అది. నాకు అర్థమైంది. కాని జవాబు నోటికి రాలేదు. సిగ్గుపడుతూ "యెస్" అన్నాను.

తమది కాకినాడ దగ్గర ఊరని ఆయన చెప్పారు. కోరంగి రేవు ఆ పక్కనే. 1843లో 'కోరింగా పాకెట్' అనే ఓడ ఆ రేవు నుంచే తెలుగు కూలీలను మారిషస్‌కు తీసుకువెళ్ళింది. అందుకే మారిషస్‌లో మనవాళ్ళను కోరంగివాళ్ళు అనేవారు. కోరంగిలో ఇప్పుడు మడ అడవులున్నాయి. అదీ తడి నేలే.

అప్పటి నుంచి సైకిలు తొక్కుతూ, కనిపించినవాటి పేర్లు పైకే అంటున్నాను: గట్టు, కొంగ, బురద, పాయ. మీరూ మీ ఊళ్ళో అలాంటి దారి వెతుక్కోండి. వచ్చిన నాలుగు మాటలూ పైకి అనండి. తప్పు వస్తే రానివ్వండి.

ఆ పెద్దాయన మళ్ళీ కనిపిస్తే చెప్పాలి: "కనిపిస్తుందండీ, రండి, గట్టెక్కుదాం."