ఊట

కల్లు గీస్తారు. సారా కాస్తారు. మరి బీరుని ఏం చేస్తారు?

మా టీమ్‌లో ఉన్న వరంగల్ మిత్రుణ్ణి అడిగితే "తాగుతారు" అని ఠక్కున చెప్పాడు. నేనడిగింది దానికి ముందు జరిగే పని గురించి. ఆ పనికి తెలుగులో సొంత క్రియ లేదు. కల్లు దగ్గర మనకి మోకు ఉంది, ముస్తాదు ఉంది, లొట్టి ఉంది, చెట్టెక్కే మనిషి ఉన్నాడు. సారా దగ్గర బట్టీ ఉంది, బెల్లపు ఊట ఉంది, పట్టుకునే పోలీసూ ఉన్నాడు. బీరు మాత్రం మన భాషలోకి మూత బిగించుకుని, లేబుల్ అతికించుకుని సీసాలో వచ్చేసింది. చేసిన చెయ్యి కనబడలేదు కాబట్టి పేరుతోనే సరిపెట్టుకున్నాం, క్రియ అవసరం పడలేదు. మిగతా మాటలన్నీ తాగేవాడి వైపువే. చుక్క, కిక్కు, ఎక్కడం, దిగడం. రుచి గురించి చెప్పమంటే "చేదు" దగ్గర ఆగిపోతాం.

పోయిన అక్టోబర్లో, సియాటిల్ పక్కన బాతెల్‌లో, మా గరాజ్‌లో మొదటిసారి గింజల నుంచి బీరు చేశాను. ఇంకో మాట దొరికేదాకా "చేశాను" అనే రాస్తాను. అంతకుముందు మూడుసార్లు డబ్బాలో వచ్చే మాల్ట్ సిరప్‌తో చేశాను. సిరప్‌ని నీళ్ళలో కలిపి, మరిగించి, చల్లార్చి, ఈస్ట్ వేస్తే బీరు అవుతుంది, బాగానే ఉంటుంది కూడా. కానీ అది పేస్టు కలుపుకుని పులిహోర చేశానని చెప్పుకోవడం లాంటిది. పిండి చక్కెరగా మారే అసలు ఘట్టం ఏ ఫ్యాక్టరీలోనో ముందే జరిగిపోయి ఉంటుంది. సిరప్ లేకుండా మొత్తం గింజలతోనే చేయడాన్ని ఇక్కడివాళ్ళు ఆల్-గ్రెయిన్ అంటారు. ఆ ఘట్టాన్ని నా కళ్ళతో చూడాలనిపించింది.

కల్లుకీ బీరుకీ తేడా ఇక్కడే ఉంది. తాటిచెట్టు చక్కెరని నీళ్ళలో కలిపి సిద్ధంగా అందిస్తుంది. లొట్టిలో పడ్డ క్షణం నుంచీ ఈస్ట్ పనిలోకి దిగుతుంది. గింజలో ఉండేది పిండి. బీరు చేసే ఈస్ట్‌కి పిండి తినడం రాదు, ముందు ఎవరో ఒకరు దాన్ని నమిలి పెట్టాలి. ఆండీస్ కొండల్లో మొక్కజొన్నని నిజంగానే నోట్లో నమిలి, ఉమ్మి, చిచా చేసేవాళ్ళు. లాలాజలంలోని ఎంజైములు ఆ పని చేసిపెడతాయి. జపాన్‌లో అన్నం మీద కోజి అనే బూజు పెంచి సాకె చేస్తారు. ఇంకో దారి, మొలకెత్తించడం. మొలకెత్తే గింజ తన పిల్లమొక్క కోసం పిండిని విడగొట్టే ఎంజైములని తయారుచేసుకుంటుంది. మొలక కాస్త రాగానే ఎండబెట్టేస్తే ఎంజైములు లోపల ఉండిపోతాయి, మొక్క మాత్రం రాదు. అదే మాల్ట్. ఆలోచిస్తే కొంచెం క్రూరంగా ఉంటుంది. లేపి, పనిముట్లు చేతికిచ్చి, పని మొదలుపెట్టేలోపు ఆపేయడం.

ఈ విద్య నేర్చుకోవడానికి రెండు పుస్తకాలు చదివాను. చార్లీ పాపాజియన్ 1984లో రాసిన 'ద కంప్లీట్ జాయ్ ఆఫ్ హోమ్‌బ్రూయింగ్' ఒకటి, జాన్ పామర్ 'హౌ టు బ్రూ' ఇంకొకటి. పామర్ లోహశాస్త్రం చదివిన ఇంజనీరు, ఆ సంగతి ప్రతి పేజీలో తెలుస్తుంది. నీళ్ళలో కాల్షియం ఎంత, వేడి ఎంత, ఎందుకు, అన్నీ పట్టికలే. పాపాజియన్ బడిపంతులుగా పనిచేసినవాడు. కంగారుపడకు, ఏం కాదు అని భుజం మీద చెయ్యేసి చెప్తాడు. ఒకటి డిజైన్ డాక్యుమెంటు, రెండోది స్నేహితుడి ఉత్తరం. పని చేసేటప్పుడు పామర్‌ని పక్కన పెట్టుకున్నాను. చదువుకోవడానికైతే నా ఓటు పాపాజియన్‌కే. వంట గురించి తెలుగులో అలాంటి వచనం ఎందుకు రాలేదో నాకిప్పటికీ అర్థం కాదు. మన వంట పుస్తకాలు "తగినంత ఉప్పు" అని తప్పించుకుంటాయి.

చట్టం సంగతి కూడా చెప్పేస్తాను. అమెరికాలో 1920 నుంచి 1933 దాకా మద్యనిషేధం ఉంది. అది ఎత్తేశాక ఇంట్లో వైన్ చేసుకోవడానికి అనుమతి వచ్చింది గానీ బీరు మాట చట్టంలోకి ఎక్కలేదు. 1978లో కార్టర్ సంతకం పెట్టాకే ఇంటి బీరు మీద ఫెడరల్ ఆంక్ష పోయింది. ఇద్దరు పెద్దవాళ్ళున్న ఇంట్లో ఏడాదికి 200 గ్యాలన్ల దాకా చేసుకోవచ్చు, అమ్మకూడదు. మా ఊళ్ళో అయితే ఇదే పనికి జైలు. గరాజ్ తలుపు తెరిచిపెట్టుకుని చేస్తున్నంతసేపూ ఆ తేడా మనసులో మెదులుతూనే ఉంది. దానికి కారణం చట్టం ఒక్కటే కాదు. అప్పుడు అమ్మ మా ఇంట్లో ఉంది.

అమ్మది నెల్లూరు జిల్లా, కావలి దగ్గర పల్లె. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా కొట్టు మూయించినప్పుడు ఆమెకి ఇరవై ఎనిమిదేళ్ళు, నాకు నాలుగు. రాత్రి బడిలో చదువుకున్న పాఠం నుంచి మొదలై, జిల్లా అంతా పాకి, సారా పాటలు ఆపించి, 1993 అక్టోబర్లో రాష్ట్రమంతటా సారా నిషేధం దాకా వెళ్ళిన ఉద్యమం అది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం రెండేళ్ళు తిరక్కుండానే సడలి, 1997లో పోయింది. ఇదంతా పుస్తకాల్లో ఉంది. అమ్మ దగ్గర వేరే ఉంది. ఆమె తమ్ముడు, మా చిన్న మామ, తాగి తాగి ముప్పై ఐదేళ్ళకి పోయాడు. నాకిప్పుడు ముప్పై ఐదు.

కాబట్టి 4 కిలోల చిల్లర బార్లీ మాల్ట్‌ని (9 పౌండ్ల లేత మాల్ట్, ఒక పౌండు క్రిస్టల్ మాల్ట్) గుడ్డసంచిలో పోస్తున్నప్పుడు అమ్మ గుమ్మంలోకి వచ్చి "ఆ మూటేంది నాయనా?" అంటే, "బీరు చేస్తున్నానమ్మా" అని ఉన్నమాట చెప్పేశాను. ఏమీ అనలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది.

27 లీటర్ల నీళ్ళు 70 డిగ్రీలకి వచ్చాక సంచి దించాను. గింజలు వేడిని కాస్త లాగేసి 67 దగ్గర నిలబెట్టాయి. ఆ డిగ్రీల గురించి బోలెడు చర్చ ఉంది. రెండు ఎంజైములు పనిచేస్తాయి. ఒకటి పిండి గొలుసుల్ని మధ్యలో ఎక్కడపడితే అక్కడ తుంచుతుంది, రెండోది చివర్ల నుంచి ఓపిగ్గా రెండేసి ముక్కలు కత్తిరిస్తుంది. ఓపిక గల దానికి వేడి పడదు. 67 అనేది ఇద్దరికీ ఒప్పందం లాంటిది. పాత దుప్పటి తెచ్చి గిన్నెకి చుట్టాను. గంటసేపు ఇక చేసేదేం లేదు.

పది నిమిషాలకి గరాజంతా ఒక వాసన. "రాగి జావ" అంది అమ్మ. కరెక్టుగా అదే. మా పాపకి ఆరో నెలలో అమ్మే రాగులు నానబోసి, మూటకట్టి, మొలకలొచ్చాక ఎండబెట్టి, దోరగా వేయించి పిండి పట్టించి పంపింది. మామూలు రాగి పిండి జావ కాస్తే గట్టిపడిపోతుందని, మొలకల పిండి అయితే పలచగా జారుతుందని, పిల్లలకి అదే మంచిదని అప్పుడు ఫోన్లో చెప్పింది. ఎందుకు జారుతుందో నాకు ఈ గిన్నె దగ్గర తెలిసింది. ఇక్కడ జరుగుతున్నదే అక్కడా జరుగుతుంది. పిండిని తుంచేది అవే ఎంజైములు. పేర్లు తెలియకుండానే అమ్మ ఈ పని నాకు ముందే చేసి ఉంది.

తెల్ల సాసర్లో ఒక చుక్క తీసి టింక్చర్ అయోడిన్ వేసి చూపించాను. నల్లగా మారింది. పిండి ఇంకా ఉందన్నమాట. గంట తర్వాత మళ్ళీ వేస్తే అయోడిన్ తన గోధుమరంగులోనే ఉండిపోయింది. "యాడికి బోయింది?" అని అమ్మ సాసర్ని కిటికీ వైపు తిప్పి చూసింది. సంచి పైకెత్తి, పిండి, కింద మిగిలిన తేనెరంగు నీళ్ళు స్టీలు గ్లాసులో పోసిచ్చాను. ఊదుకుంటూ తాగింది. సగం అయ్యాక "బాగుండాది" అంది. మొత్తం తాగాక గ్లాసు కింద పెట్టి "ఇక్కడే ఆపేయొచ్చు గదరా" అంది.

నేను హాప్స్ ప్యాకెట్ వెతుక్కుంటున్నట్టు నటించాను.

మరగడం గంట. హాప్స్ ఒరెగాన్‌లో పుట్టిన కాస్కేడ్ రకం, 1972లో విడుదలైంది. అమెరికా హాప్స్‌లో దాదాపు ముప్పావు వంతు పండే యకీమా లోయ మాకు రెండున్నర గంటల దూరం. ఎండిన హాప్స్ నలిపి చూస్తే బత్తాయి తొక్క వాసన. అది గంజాయి కుటుంబానికి చెందిన తీగ అని అమ్మకి చెప్పలేదు, ఒకరోజుకి ఒకటి చాలు. రాగి గొట్టపు చుట్టలోంచి చన్నీళ్ళు పంపి చల్లార్చి, 18 డిగ్రీల దగ్గర ఈస్ట్ చల్లి, మూత బిగించి, మెట్ల కింద అరలో పెట్టాను. హైడ్రోమీటర్ 1.050 చూపించింది.

మూడోరోజు పొద్దున అమ్మ ఆ అర ముందు నిలబడి ఉంది. లోపల్నుంచి బుడుక్, బుడుక్ అని చప్పుడు. తలుపు సందులోంచి పుల్లటి, తియ్యటి వాసన.

"ఊట," అంది. నన్ను అడగలేదు, నాకు చెప్పనూ లేదు. కాసేపాగి, సారా పోయిన ఏడాది ఊళ్ళో నాటుసారా మొదలైందని, చిల్లచెట్ల మధ్య కుండలు పాతిపెట్టేవాళ్ళని, తామంతా రోకళ్ళు తీసుకుని వెళ్ళి పగలగొట్టేవాళ్ళమని చెప్పింది. ఇదే వాసన అంట. "మేం పగలగొట్టిన వాట్లో ఒకటి మీ మామది."

ఆ మాట ముప్పై ఏళ్ళలో ఎప్పుడూ చెప్పలేదు. నేను తెలివితక్కువగా లెక్కలు మొదలుపెట్టాను. ఇది 5 శాతమే అమ్మా, సారాలాగా బట్టీ పెట్టి కాచేది కాదు, నెలకి నాలుగైదు తాగితే ఎక్కువ.

"శాతాలు వాడికీ తెలుసులే," అంది.

ఇక్కడి హోమ్‌బ్రూ మిత్రులు గంటలకొద్దీ మాట్లాడుకుంటారు. హాప్స్ ఏ పంట, ఈస్ట్ ఏ ఊరిది, నీళ్ళలో ఏ ఉప్పు. అంత మాటల్లో మత్తు ప్రస్తావన ఒక్కసారి కూడా రాదు, అదేదో పొరపాటున కలిసిన పదార్థం అన్నట్టు. మన దగ్గర మత్తు తప్ప ఇంకేమీ మాట్లాడం. అమ్మ ముందు నిలబడి చూస్తే నా దగ్గరున్నది మొదటి భాష, ఆమెది రెండోది. అయితే ఆమె తన భాషలో ఒక జీవితం చూసింది, నేను నాదాన్ని రెండు పుస్తకాల్లో చదివాను. పారబోయమని ఆమె అనలేదు. అంటే పోసేవాణ్ణా? పోసేవాణ్ణనే అనుకుంటున్నాను గానీ, అడగలేదు కాబట్టి అలా అనుకోవడం తేలిక.

పిండిన గింజల మూట రెండురోజులు ఆమె మనసుని తొలిచింది. పారేయడానికి మనసొప్పలేదు. "గేదె ఉండుంటే ఎంత సంబరంగా తినేది" అని నాలుగుసార్లు అంది. చివరికి కొంత ఎండబెట్టి, మిక్సీ పట్టి, గోధుమపిండిలో కలిపి రొట్టెలు చేసింది. పొట్టు పంటికి తగులుతుంది గానీ బాగున్నాయి. మా ఆవిడ ఇంకో రెండు వేసుకుంది.

రెండున్నర వారాలకి హైడ్రోమీటర్ 1.011 దగ్గర ఆగింది, మూడురోజులు అక్కడే ఉంది. లెక్కకి 5.1 శాతం. సీసాలు నింపేరోజు అమ్మ వచ్చి, తడి సీసాలు ఒక్కొక్కటీ గుడ్డతో తుడిచి అట్టపెట్టెల్లో సర్దింది. అన్నీ అయ్యాక వేలితో లెక్కపెట్టింది. 48. మళ్ళీ లెక్కపెట్టింది. ఆ తర్వాతి వారమే ఆమె ప్రయాణం. గ్యాస్ పట్టి బీరు తయారవడానికి ఇంకో రెండు వారాలు కావాలి, కాబట్టి రుచి చూస్తావా అని అడిగే ఇబ్బంది నాకు కలగలేదు.

బీరు బాగుంది. ముందు బత్తాయి తొక్క, తర్వాత కాల్చిన రొట్టె అంచు, చివర్లో పలచటి చేదు, దాని అడుగున ఎక్కడో రాగి జావ. చివరిది ఇంకెవరికీ తగల్లేదు.

అమ్మ ప్రతి ఆదివారం ఫోన్ చేస్తుంది. పాప సంగతి, మోకాళ్ళ సంగతి, ఊరి సంగతి అయ్యాక, పెట్టేసేముందు అడుగుతుంది. "ఎన్నుండాయి?"

45 అన్నాను మొదటివారం. తర్వాత 43. తర్వాతది కూడా 43. గత ఆదివారం 36 అన్నాను.

"మొన్న 43 అన్నావే."

"వరంగల్ ఫ్రెండ్ వాళ్ళు వచ్చారమ్మా. అయిదు వాళ్ళకిచ్చి పంపాను."

అవతల కొంచెంసేపు చప్పుడు లేదు. పెదాలు కదుపుతూ తీసివేత చేసుకుంటోందని నాకు తెలుసు.

"ఊ," అంది. "పాపని ఇవ్వు ఒకసారి."