నల్లచుక్కల ముగ్గు

ప్రెషర్ కుక్కరు కొత్తగా ఇళ్ళల్లోకి వచ్చిన రోజుల్లో, అది ఎక్కడ పేలిపోతుందోనని గుమ్మం అవతలే నిలబడి చూసిన పెద్దవాళ్ళు మనందరి ఇళ్ళల్లోనూ ఉన్నారు. ఇప్పుడు పిల్లల చదువుకి పనికొచ్చే సాధనాలు సెల్‌ఫోనులో దొరుకుతున్నాయంటే మన ఆడవాళ్ళు కొందరు అలాగే దూరంగా నిలబడుతున్నారు. "నాకేం తెలుసండీ, నాది పదో క్లాసు, అదీ తెలుగు మీడియం" అనేస్తారు.

మా ఉయ్యూరులో, మా వీధిలోనే ఒకావిడ ఉంది. చెరకూ వరీ పండించే కుటుంబం. కూలీలకెంత ముట్టాలో, ఎకరానికి ఎంత మిగిలిందో నోటిలెక్కన చెప్పేస్తుంది. కానీ ఏడో క్లాసు చదివే కూతురు సైన్సు పుస్తకం తెరిస్తే చాలు, ఏదో పని కల్పించుకుని వంటింట్లోకి వెళ్ళిపోయేది.

"అది నన్నడగడం మానేసిందక్కయ్యగారూ" అంది ఓ రోజు. ఆవిడ బాధ మార్కుల గురించి కాదని వేరే చెప్పాలా?

మన రాష్ట్రంలో 2020 నుంచి సర్కారు బడి పుస్తకాలు ఒక పేజీ తెలుగులో, ఎదుటి పేజీ ఇంగ్లీషులో అచ్చువేయడం మొదలెట్టారు. పాఠం దగ్గర నల్లచుక్కల ముగ్గులాంటి గడి ఒకటి ఉంటుంది. దానికే క్యూఆర్ కోడ్ అని పేరు. 2017లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన 'దీక్ష' అనే యాప్ తెరిచి, ఫోను ఆ ముగ్గుకి ఎదురుగా పెడితే పాఠానికి సంబంధించిన వీడియోలూ అవీ వస్తాయి. టీచర్ల శిక్షణ పాఠాలు కూడా అందులోనే ఉన్నాయి. అంతా ఉచితమే.

తల్లీకూతుళ్ళిద్దరూ కిరణజన్య సంయోగక్రియ పాఠం పెట్టుకుని కూర్చున్నారు. తెలుగు పేజీ తల్లి చదివింది, ఇంగ్లీషు పేజీ పిల్ల చదివింది. మొక్క ఎండతో ఆహారం వండుకుంటుందని వినగానే, "అందుకటే, చెట్టు నీడ పడ్డచోట మన చెరకు బక్కగా వస్తుంది!" అంది తల్లి. ఆ ముక్క పుస్తకంలోనూ లేదు, ఫోనులోనూ లేదు. పిల్ల మర్నాడు క్లాసులో చెప్పిందిట.

తెలుగు మాటకి అర్థం కావాలంటే 'ఆంధ్రభారతి'లో వెతకండి. 1852 నాటి బ్రౌన్ నిఘంటువూ, 1885 నాటి శబ్దరత్నాకరమూ ఒక్కచోటే పలుకుతాయి. తెలుగులో టైపు చెయ్యడం రాకపోతే 'లేఖిని' ఉంది. ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే తెలుగులో పడుతుంది.

అనువాదం చేసే సాధనాలతో మాత్రం కాస్త జాగ్రత్త. ఇంగ్లీషులో 'యూ' ఒక్కటే. అది నువ్వో, మీరో ఆ యంత్రానికెలా తెలుస్తుంది? తాతగారికి రాసిన ఉత్తరంలో 'నువ్వు' అని పడితే, దిద్దాల్సింది మనమే.

నన్నడిగితే, వీటన్నిటికీ ఒకటే షరతు. ఫోను పిల్లల చేతిలో పెట్టి మనం లేచి వెళ్ళిపోకూడదు. అర్థంకాని చోట "ఇదేమిటే, నాకూ చెప్పు" అని అడగడానికి డిగ్రీ అక్కర్లేదు. తల్లికి పాఠం చెప్పిన పిల్ల ఆ పాఠాన్ని అంత తొందరగా మరిచిపోదు.