కొమ్మల నడుమ లోహం

పదార్థం ఘనం, ద్రవం, వాయువు అనే మూడు రూపాలలో ఉంటుందని పాఠశాల విద్యార్థి నేర్చుకొంటాడు. కాని ప్రకృతి ఆ గీతల నడుమనే ఒదిగి ఉండదు. 1888లో ప్రాగ్ నగరంలో ఫ్రీడ్రిక్ రైనిట్జర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు కొలెస్టెరిల్ బెంజోయేట్‌ను వేడిచేశాడు. అది 145.5 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగి మసక ద్రవమైంది, 178.5 డిగ్రీల వద్ద తేటపడింది. ఆయన తన సందేహాన్ని జర్మన్ భౌతికశాస్త్రజ్ఞుడు ఒట్టో లేమన్‌కు లేఖలో తెలిపాడు. మాలిన్యమే ఆ మసకకు కారణమని కొందరు వాదించినా, ద్రవంలా ప్రవహిస్తూనే స్ఫటికం వలె క్రమాన్ని నిలుపుకొనే ఆ స్థితికి ద్రవస్ఫటికమనే పేరు స్థిరపడింది.

ఈ స్థితికి అణువు ఆకారమే ప్రధాన ఆధారం. కడ్డీల వంటి అణువులు ఒకే దిక్కుకు వాలి ప్రవహించగలవు. పళ్ళెం వంటి అణువులు ఒకదానిపై ఒకటి పేరి స్తంభాలు కాగలవని 1977లో బెంగళూరులోని రామన్ పరిశోధన సంస్థలో ఎస్. చంద్రశేఖర్, ఆయన సహచరులు నిరూపించారు.

మరి కొమ్మలు చీలిన చెట్టు వంటి అణువుల మాటేమిటి? వీటిని డెండ్రిమర్లంటారు. గ్రీకు భాషలో చెట్టును సూచించే పదం నుండి ఆ పేరు పుట్టింది. వీటి కొమ్మలు ఎటైనా వంగుతాయి కాబట్టి అణువుకు నిలకడైన ఆకారం కొరవడుతుంది. ఇక్కడనే లోహం తోడ్పడుతుంది. కొన్ని డెండ్రిమర్లలో కొమ్మలు చీలే చోట నత్రజని పరమాణువులు ఉంటాయి. నత్రజని తన ఎలక్ట్రాన్ల జంటను రాగి వంటి లోహపు అయాన్‌కు అందించగా సమన్వయ సమయోజనీయ బంధం ఏర్పడుతుంది. ఒకే అయాన్ అనేక నత్రజనులను తన చుట్టూ చేర్చుకొంటుంది. ఊగులాడే కొమ్మలు దగ్గరపడి, నడుమ గట్టి కేంద్రం నిలుస్తుంది. ఆ కేంద్రాలు ఒకదానిపై ఒకటి పేరి స్తంభాలవుతాయి. చుట్టూ ఉన్న పొడవైన హైడ్రోకార్బన్ తోకలు మాత్రం మెత్తగా కదులుతూ ప్రవాహానికి వీలు కల్పిస్తాయి. 1996లో జర్మనీకి చెందిన గుంటర్ లాటెర్మన్ బృందం శాఖలున్న అమీన్ అణువులకు లోహాలను చేర్చి ఇటువంటి ద్రవస్ఫటికాలను ప్రకటించింది.

లోహం ఆకారాన్నే గాక తన రంగును, కొన్ని సందర్భాలలో అయస్కాంత గుణాన్ని కూడా ప్రవహించే పదార్థానికి తెచ్చిపెడుతుంది. అయితే ఈ మార్గం నిష్కంటకం కాదు. ఇటువంటి సమ్మేళనాలలో పలు పదార్థాలు తేటపడేలోగానే వేడికి విచ్ఛిన్నమవుతాయి.

లోహపు బంధం లేనిదే ఆ కొమ్మలకు క్రమం కుదరదు. తోకల స్వేచ్ఛ లేనిదే ఆ క్రమం ప్రవహించదు. కట్టుబాటు, స్వేచ్ఛ పరస్పర విరోధులని భావించేవారికి ఈ చిన్న అణువు చెప్పే సమాధానం ఆలోచింపదగినది.