ఇంట చేసిన సూదులు

శ్రీకాకుళము జిల్లాలోని నరసన్నపేట వర్తకమునకు పేరుపడిన ఊరు. సముద్రము దాపున నుండుటచే ఇచట చలి తీవ్రము కాదు. ఇట్టిచోట ఉన్ని అల్లికతో ఎవరికి పనియని అనిపింపవచ్చును. కాని పుష్యమాసపు తెల్లవారుజామున పసిబిడ్డ చెవులను కప్పుటకు టోపీ కావలయును. దగ్గుతో బాధపడు ముసలివారి మెడకు మఫ్లరు కావలయును. అంతకంటె బలమైన కారణము వేరొకటి కలదు. ఈ జిల్లానుండి సైన్యమున చేరిన యువకులు పెక్కురు. కొడుకు హిమాలయ సానువులలో కావలి కాయుచుండగా, ఇచట తల్లికి ఉక్కపోసినను చేతిలోని ఊలు విడువబుద్ధి కాదు. 1962లో చైనాతో యుద్ధము వచ్చినపుడు దేశమందలి స్త్రీలెందరో జవానులకై స్వెట్టర్లు, మేజోళ్లు అల్లి పంపిరి. చలి యెరుగని ఊళ్లవారును అపుడు సూదులు చేతబట్టిరి.

ఊలు కొనక తప్పదు. ఈ ప్రాంతపు గొఱ్ఱెల బొచ్చు మెత్తని అల్లికకు పనికిరాదు. సూదుల సంగతి అట్లు కాదు. ఒక జత కొన్నచో సరిపోవుననుకొనుట అల్లిక తెలియనివారి మాట. స్వెట్టరు అంచునకు సన్నని సూదులు, ఒంటిభాగమునకు లావు సూదులు కావలయును. మేజోడు గుండ్రముగా అల్లవలెనన్న రెండువైపుల మొనలుగల సూదులు నాలుగు ఉండవలయును. మన దేశమున వాడుకలోనున్న పాత ఇంగ్లీషు కొలతలో నంబరు పెరిగినకొలది సూది సన్ననగును. 8వ నంబరు సూది మందము 4 మిల్లీమీటర్లు, 14వ నంబరుది 2 మిల్లీమీటర్లు. ఇన్ని రకములు కొనుటకు వెచ్చించు పైకముతో ఇంకొక ఉండ ఊలు వచ్చును. స్వెట్టరు చేయి మోచేతికడ ఆగిపోవుటయో, మణికట్టువరకు వచ్చుటయో కొన్ని ఇండ్లలో ఆ ఒక్క ఉండపైననే ఆధారపడియుండును.

కావున సూదులను ఇంట చేసికొనవచ్చును. దానికి ముఖ్యమైనది వెదురు. బుట్టలు, తట్టలు అల్లు మేదరివారి ముంగిట చీల్చిన వెదురు బద్దలు పడియుండును. అడిగినచో స్వల్పమైన వెలకే యిత్తురు. పచ్చి వెదురు పనికిరాదు. ఆరిన పిమ్మట అది వంగిపోవును. ముదిరిన వెదురును నీడలో కొన్ని వారములు ఆరనిచ్చి, రెండు కణుపుల నడుమనుండి జానెడున్నర ముక్క తీయవలయును. వెదురున పైతొక్కకు చేరువనున్న నారలు దట్టముగను, గట్టిగను ఉండును. లోపలి భాగము మెత్తన. అందుచేత కత్తితో చెక్కునపుడు లోపలివైపే ఎక్కువగా తీసి, పైవైపును కాపాడుకొనుట తెలివి. కొబ్బరి ఈనెతో ఈ పని సులభముగా తీరునని కొందరు తలతురు. ఈనె ఊలు బరువునకు విల్లువలె వంగును. నాలుగు వరుసలు అల్లునప్పటికి విసుగు పుట్టును.

చెక్కుట సగము పనియైనను కాదు. రెండు సూదులును ఒకే మందమున ఉండవలయును. ఇందులకు ఒక చిన్న ఉపాయము కలదు. పొరుగింటివారి సూదిని ఒకనాటికి అరువు తెచ్చి, అది సరిగా దూరునంత రంధ్రమును పలుచని రేకునకు చేయవలయును. పిమ్మట ఇంటి సూదులను ఆ రంధ్రముగుండ మొదలునుండి చివరవరకు పోనిచ్చుచు, పట్టినచోట గీయుచు, వదులు కాకుండ చూచుకొనవలయును. ఈ జాగ్రత్త వట్టి చాదస్తము కాదు. అంగుళమునకు 6 కుట్లు రావలసినచోట సూది లావై 5 కుట్లే వచ్చినదనుకొనుడు. 34 అంగుళముల చుట్టుకొలతకు లెక్కించి వేసిన 204 కుట్లు దాదాపు 41 అంగుళములకు సాగును. కొడుకునకై అల్లిన స్వెట్టరు వాని మేనమామకు సరిపోవును!

తరువాతిది నునుపు. గరుకు కాగితముతో మొదట ముతకగాను, పిదప సన్నముగాను రుద్దవలయును. మొన మరీ వాడియైనచో ఊలు పోగును చీల్చును, వేలికి గుచ్చుకొనును. మొద్దైనచో కుట్టులో దూరదు. చివరకు మైనము పూసి పాతగుడ్డతో వేడి పుట్టునట్లు తోమినచో వెదురునకు మెరుపు వచ్చును. ఒక ఊలు పోగును సూదిచుట్టు త్రిప్పి మెల్లగా లాగినపుడు ఎచటనైన ఒక్క నూగు పట్టుకొన్నను పని మరల ఆరంభింపవలసినదే. కుట్లు జారిపోకుండుటకు రెండవ కొసన పాత దండలోని కొయ్యపూసను తుమ్మజిగురుతో అతికింతురు. పైకము మిగులు మాట నిజమే. కాని ఆ పైకము ఊరక రాదు. దానికి బదులు సాయంకాలములు కొన్ని ఇచ్చుకొనవలయును. తీరికయే లేని యిల్లాలికి ఈ బేరము లాభమా, నష్టమా యన్నది ఆమెయే తేల్చుకొనవలసిన సంగతి.

చేతికందిన వస్తువును పనిముట్టుగా మలచుట ఈ జిల్లాకు కొత్త విద్య కాదు. శ్రీకాకుళము దాటి పడమటగా పోయినచో పొందూరు వచ్చును. అచటి సన్నని ఖద్దరు దేశమంతట ప్రసిద్ధము. గాంధీమహాత్ముడు దాని ప్రశస్తిని విని తన కుమారుడగు దేవదాసు గాంధీని అచటికి పంపెను. ఆ నూలునకు కావలసిన పత్తిని దువ్వుటకు పొందూరు స్త్రీలు వాడునది వాలుగ చేప దవడ యెముక. ఆ దవడలో సూక్ష్మములైన పళ్లు వరుసలుగా దట్టముగా నుండును. గింజతోనున్న పత్తిని దానితో దువ్వినచో చెత్త పోయి పోగులు చక్కబడును. ఈ దవడలను గోదావరి ప్రాంతమునుండి తెప్పించుకొందురు. పత్తినుండి గింజను వేరుచేయుటకు ఒక చెక్కపలక, ఒక ఇనుపకడ్డీ చాలును. ఏకిన పత్తిని మలినము సోకకుండ దాచుటకు ఎండిన అరటి దూట. ఇన్నియు అంగడిలో కొను యంత్రములు కావు. అయినను ఈ పనిముట్లతో 100వ నంబరు నూలు తీయుదురు. అనగా ఒక పౌను నూలు, నేటి లెక్కన సుమారు 454 గ్రాములు, సాగదీసి పరచినచో 76 కిలోమీటర్లు దాటును!

ఇచట ఒక మాట చెప్పక తప్పదు. పొదుపును పొగడువారు తరచుగా ఆ పొదుపు చేయనక్కరలేనివారై యుందురు. పొందూరున నూలు వడకువారిలో ఎక్కువమంది వృద్ధస్త్రీలు; రాబడి చాలకుండుటచే పడుచులు ఈ పనికి ముందుకు వచ్చుట అరుదు. చేప దవడ చవుకగా దొరకినదని దానితో దువ్విన చేతి శ్రమనుగూడ చవుకగా కొనుట న్యాయము కాదు. వెదురు సూదులతో అల్లిన స్వెట్టరు విషయమునను అంతే. దానిని అమ్మవలసి వచ్చినపుడు సూదులు ఎట్టివని ఎవరును అడుగరు. అల్లిక సమముగా నున్నదా లేదా యని మాత్రమే చూతురు.

వెదురు సన్నని సూదులకు అంతగా పనికిరాదు. 2 మిల్లీమీటర్లకు చెక్కినచో పుటుక్కున విరుగును. అపుడు సాయపడునది సైకిలు చక్రపు పుల్ల, అనగా స్పోకు. సైకిలు బాగుచేయు అంగళ్లలో పాతవి పోగుపడి యుండును. సాధారణపు స్పోకు మందము 2 మిల్లీమీటర్లు. అది సరిగా 14వ నంబరు సూది. ఇది కాకతాళీయము కాదు. అల్లిక సూదుల పాత నంబర్లు ఇనుపతీగల నంబర్లతో సరిపోలును. బ్రిటనునకు ఉత్తరముననున్న షెట్లండు దీవుల స్త్రీలు వీపున తట్ట మోయుచు, దారి నడచుచునే మేజోళ్లు అల్లెడివారు. వారు అల్లిక సూదులను ‘తీగలు’ అనియే పిలిచెడివారు. స్పోకునకు ఒకవైపునున్న వంపును, రెండవవైపునున్న మరచుట్లను కోసివేసి, రెండు కొసలను సానరాతిపై నూరినచో మేజోటి సూది సిద్ధమగును. పూత పోయినచోట త్రుప్పు పట్టి తెల్లని ఊలునకు మరక అంటును. అట్టిదానిని ఏరి పారవేయుట మేలు.

వెదురు సూదులు వాడినకొలది చేతి జిడ్డు పట్టి, తేనెరంగునకు తిరిగి, కొత్తనాటికంటె నునుపెక్కును. ఏనాడో ఒకనాడు మోకాలిక్రింద పడి ఒకటి విరుగుటయు కలదు. విరిగినదానిని పొయ్యిలో వేయరు. పొడవైన ముక్కకు మరల మొన తీసి, రెండవ సూదినిగూడ అంతే పొడవునకు కోసి, పూసలు మార్చి అతికింతురు. జానెడు పొడవున మిగిలిన ఆ జత పసిబిడ్డ టోపీకి సరిగా సరిపోవును.