ఇంజనునకు గాలియు నీరును

స్త్రీలు చదువు పత్రికలో లారీని గూర్చి వ్రాయుట మీలో కొందఱికి వింతగా తోచవచ్చును. కాని యే యింటికి లారీ యన్నము పెట్టుచున్నదో, ఆ యింటి యాడువారికి దాని యూపిరియు దాహమును తెలిసియుండుట, పాడిగల యింటివారికి గేదె మేత తెలిసియుండుట వంటిదే. మేము తోడికోడండ్ర మిద్దఱము. హైదరాబాదులో ప్రగతి నగర్ నందు కాపురముండి, మా కుటుంబమునకు గల యొక పాత నీళ్ల ట్యాంకరు జమాఖర్చులు చూచుచున్నాము. దానిని నడుపువాడు మా చిన్న మఱది.

మా ప్రాంత మెట్టిదో ముందుగా చెప్పవలెను. కూకట్‌పల్లి దాటి బాచుపల్లి వైపు పోవునపుడు, అంబీరు చెరువు చెంత ప్రగతి నగర్ ఉన్నది. హైటెక్ సిటీలో కంప్యూటరు కొలువులు చేయువారు పెక్కుమంది యీ చుట్టుపట్ల మేడలలో నివసించుచున్నారు. వేసవి ముదిరినచో బోరుబావు లడుగంటును; అపుడు ట్యాంకరు వచ్చినగాని పెక్కిండ్లలో అంట్లు తోముటకైనను నీరుండదు. మఱియొక వైపున కొత్త మేడలు లేచుచునే యున్నవి గనుక, సిమెంటు పొడియు తవ్విన మట్టియు బాటలపై రేగుచుండును. నీరు మోయు బండి పగలెల్ల ఆ దుమ్మునే పీల్చుచుండును.

ఒక్క లీటరు డీజిలు చక్కగా మండుటకు 10,000 లీటర్లకు తక్కువగాని గాలి కావలెను. ఆ గాలితో దుమ్ము లోనికి పోయినచో, అది నూనెతో కలిసి ఆకురాయివలె సిలిండరు గోడలను అరుగదీయును. మా బండికి పాతకాలపు నూనెతొట్టి ఫిల్టరుండెను. వచ్చు గాలి నూనెను తాకి మలుపు తిరుగునపుడు బరువైన ధూళి నూనెలో చిక్కుకొనును. సన్నని పొడి మాత్రము, ముఖ్యముగా బండి మెల్లగా నడచునపుడు, కొంత తప్పించుకొని పోవును. అందువలన మడతలుగల కాగితపు ఫిల్టరును పెట్టుట మేలని మెకానిక్కు చెప్పగా, బండి చేసిన కంపెనీది గాక, వేఱొక కంపెనీవారు చేసి యమ్ము డబ్బాను తెప్పించితిమి.

డబ్బా మంచిదే, కాని పాతదానికంటె లావు. దానిని నిలుపవలసిన చోట రేడియేటరు పైగొట్టము అడ్డమై యున్నది. ఇంజనును చుట్టి వేడెక్కిన నీరు ఆ గొట్టము గుండ రేడియేటరునకు పోయి, అచట సన్నని నాళములలో చల్లబడి, క్రిందిగొట్టము ద్వారా తిరిగి యింజనును చేరును. ఇంజనులోని నీరు సాధారణముగా 80 మొదలు 95 డిగ్రీల వేడిలో నుండును. పైగొట్టపు త్రోవ ఇఱుకైనచో ఆ వేడి పోవు దారి లేక, సిలిండరు హెడ్డు వంగును, దాని క్రింది గాస్కెట్టు కాలును. అపుడగు ఖర్చు గొట్టపు వెలవంటిది కాదు. పిల్లల బడిజీతమునకు దాచిన సొమ్మంతయు దానికే చాలకపోవచ్చును.

అది ఏప్రిలు నెల. షెడ్డువారు, "గొట్టమును తీగతో పక్కకు గుంజి కట్టిన డబ్బా పట్టును, రేపే బండి కదలును" అనిరి. మఱదియు, "వదినా, రెండు దినములు బండి నిలిచిన ట్రిప్పులన్నియు పోవును. మనలను నమ్మినవారికి నీళ్లెవరు పోయుదురు?" అనెను. అతని మాట త్రోసివేయదగినది కాదు. బిందెలు ముందుపెట్టుకొని ట్యాంకరు కొఱకు ఎదురుచూచుట యెట్టిదో మేమును ఎఱుగుదుము. అయినను మేమిట్లంటిమి: "పెరటిలో మొక్కలకు పట్టు పైపు నడుమ మడతపడిన నీరేమగును? ఇదియు నట్టిదే. పైగా బండి అదిరినపుడెల్ల డబ్బా అంచు రబ్బరును కోయుచుండును. నిండు ట్యాంకరుతో నడిబాటలో గొట్టము పగిలిన, బండి నిలుచుట రెండు దినములతో పోదు." అతడు కొంతసేపు మాటాడక, తుదకు, "సరే వదినా, మీరన్నట్లే కానిండు" అనెను. చంటిబిడ్డలును వృద్ధులును గల యిండ్లకు ఆ రెండు దినములును మఱియొకరి ట్యాంకరును మేమే కిరాయికి కుదిర్చితిమి. లాభము పోయినది, మాట నిలిచినది.

పిమ్మట పని యిట్లు జరిగినది. కొత్త డబ్బాను తప్పించుచు, ఫ్యానునకును బెల్టునకును తగులకుండ, గొట్టము పోవలసిన వంపులో ఒక గట్టి యినుపతీగను వంచి, ఇంజను మూతి నుండి రేడియేటరు మూతి వఱకు కొలత తీసిరి. రవికకు కొలత యిచ్చినట్లే యనుకొనుడు. ఆ తీగను సికిందరాబాదు రాణిగంజ్ అంగళ్లకు గొనిపోయి, ఆ వంపుతోనే అచ్చుపోసిన రబ్బరు గొట్టమును, లోవెడల్పు సరిచూచి మఱి తెచ్చిరి. తిన్నని గొట్టమును బలిమిని వంచిన నొక్కుపడును. వంపుతోనే చేసినది అట్లు నొక్కుపడదు. మిగులు కొనలను కోసి, కొత్త క్లిప్పులు బిగించి, లోపల గాలి నిలువకుండ కూలెంటును మెల్లగా పోసిరి. ఇంజను ఒకసారి వేడెక్కి చల్లారిన పిమ్మట క్లిప్పులను మరల బిగించిరి. ఆ వేసవి మండుటెండలలో సైతము వేడిమి చూపు సూది నడుము దాటలేదు.

ఇది ఆడువారికి తగని విద్య యనువారికి ఒక్కమాట. 1888 ఆగస్టులో జర్మనీ దేశమున బెర్తా బెంజ్ అను నామె, తన భర్త కార్ల్ బెంజ్ చేసిన మోటారుబండిలో, ఇద్దఱు కుమారులను వెంటబెట్టుకొని మాన్‌హైమ్ నుండి ఫోర్ట్స్‌హైమ్ వఱకు నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణించెను. ఇంజను చల్లబడుటకై మార్గమున మాటిమాటికి నీరు పోయవలసి వచ్చెను. ఇంధనపు గొట్టము మూసికొనిపోగా ఆమె తన టోపీసూదితో పొడిచి తెఱచెను. మోటారుబండి పుట్టిన తొలిదినములలోనే గాలియు నీరును కనిపెట్టి చూచినది ఒక యిల్లాలు.

కావున బండిగల యిండ్ల సోదరీమణులారా, ఒక భాగమును మార్చుదు మనునపుడు, దాని పొరుగుననున్న భాగమేమగునని తప్పక అడుగుడు. ఇంటికి కొత్తవారు వచ్చినపుడు పాతవారు కొంచెము జరుగుదురు గాని, వారి మెడ వంచి చోటు చేయము గదా! ఇంజను వేడిగా నున్నపుడు రేడియేటరు మూతను ఎవరిచేతను విప్పనీయకుడు. ఒత్తిడిలో నున్న నీరు ఎగజిమ్మి మొగము కాల్చును. కూలెంటు సాధారణముగా తియ్యనైన విషము. ఆ డబ్బాను పిల్లల కందని యెత్తున నుంచి, నేల నొలికినదానిని కుక్కలు నాకకమునుపే నీళ్లతో కడిగివేయుడు.