రోడ్ నంబర్ రెండు నుంచి ఒక ఉత్తరం

ఈ వేసవిలో మా ఆవిడ అమెరికా వెళుతోంది. అమ్మాయి దగ్గర ఆర్నెల్లు ఉంటుంది. కిందటిసారి తన మోకాళ్ల ఆపరేషన్ వల్ల నేనొక్కణ్నే వెళ్లాను. ఈసారి ఇల్లు కనిపెట్టుకుని ఉండే వంతు నాది. తను వెళ్లిన కొన్నాళ్లకే మొదటి ఉత్తరం అందాలి. అందులో ఏం రాయాలో ఏరుకుందామని తెల్లవారుజామున బంజారాహిల్స్ రోడ్ నంబర్ రెండులో, ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ముందు ఆటో దిగాను. అక్కణ్నుంచి ఫిలింనగర్‌లో మా ఇంటిదాకా నడక.

ఈ ఆసుపత్రి పునాదిలోనూ ఒక తిరుగు ప్రయాణం ఉంది. గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు అమెరికాలో కంటివైద్యుడిగా స్థిరపడీ ఇంటికి తిరిగొచ్చారు. సినీ నిర్మాత ఎల్.వి.ప్రసాద్ గారి కుటుంబం ఐదెకరాల స్థలం, కోటి రూపాయలు ఇచ్చింది. 1987 నుంచి ఇక్కడ ఎందరికో చూపు వస్తోంది. ఈ దారిలోనే ప్రసాద్ ల్యాబ్ ఉంది. ఎడిటింగ్ అసిస్టెంటుగా అక్కడికి నెగెటివ్ డబ్బాలు మోసిన రోజులు నా భుజానికింకా గుర్తే.

కొంచెం ముందుకెళ్లి కుడివైపు తిరిగితే అన్నపూర్ణ స్టూడియో. అక్కినేని నాగేశ్వరరావు గారు 1974లో అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని వచ్చారు. ఆ తర్వాతే ఈ రాళ్లగుట్టను చదును చేయించి 22 ఎకరాల్లో స్టూడియో కట్టారు. 1976లో రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ దాన్ని ప్రారంభించారు. అంతకుముందు చేసిన అమెరికా ప్రయాణం గురించి అక్కినేని గారు 'నేను చూసిన అమెరికా' అని పుస్తకమే రాశారు. పెద్ద చదువు చదవని మనిషి, తను చూసింది తనతో ఆగిపోకూడదనుకుని కలం పట్టుకోవడం నాకెప్పుడూ గొప్పగా అనిపిస్తుంది.

మళ్లీ పెద్దరోడ్డెక్కితే ఎడమచేతి వైపంతా కేబీఆర్ పార్కు. నిజాం కుటుంబం వారి చిరాన్ ప్యాలెస్ ఉన్న ఈ అడవి 1998లో జాతీయవనమైంది. సుమారు 390 ఎకరాలు. ఊరు నాలుగువైపులా పెరిగినా లోపల నెమళ్లు కూస్తూనే ఉన్నాయి. గేటు దగ్గర పొద్దున్నే నడకకొచ్చిన నా ఈడువాళ్లు కనిపించారు. వాళ్ల మాటలు చెవిన పడ్డాయి: ఒకరి కొడుకు న్యూజెర్సీలో, ఒకరి కూతురు మెల్‌బోర్న్‌లో. ఈ గుట్టల మీద పిల్లలు దూరాన లేని ఇల్లు వెతకాలి.

ఇక్కడికొస్తే కిందటిసారి అమెరికా నుంచి రాసిన నా మొదటి ఉత్తరం గుర్తొస్తుంది. డాలస్ పక్కన ఫ్రిస్కో నుంచి రాశాను. ఎనిమిది వరుసల రోడ్లు, ఊరంత దుకాణాలు, అన్నీ వర్ణించాను. మా ఆవిడ రెండే ముక్కలు జవాబిచ్చింది: "అవన్నీ అమ్మాయి ఫోన్లో చూపించిందండీ. మీరు పొద్దున్న ఎంత దూరం నడిచారు, ఎక్కడ కూర్చున్నారు, అది రాయండి."

ఆ జవాబు చదివాకే ఏనుగుల వీరాస్వామయ్య గారు నాకు అర్థమయ్యారు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా చేసిన ఆయన ఏభై ఏళ్ల వయసులో, 1830 మే 18న, కాశీకి బయల్దేరారు. 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. దారి పొడుగునా మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లెకు ఉత్తరాలు రాస్తూనే ఉన్నారు. ఏ మజిలీలో నీళ్లున్నాయి, ఏ ఊళ్లో దుకాణాలున్నాయి, ఎక్కడ బస దొరుకుతుంది, అన్నీ. ఆయన 1836లో పోయారు. 1838లో పిళ్లెగారు ఆ రాతల్ని అచ్చు వేయించారు. తిరిగొచ్చే మనిషి కోసం ఎదురుచూసిన స్నేహితుడే, తిరిగిరాని మనిషి మాటను మనదాకా తెచ్చాడు.

జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర మెట్రో వంతెన నీడలో కాసేపు నిలబడ్డాను. వీరాస్వామయ్య గారు మద్రాసు నుంచి హైదరాబాదు మీదుగానే వెళ్లారు. మా సినిమావాళ్లం ఒక్కొక్కరం వచ్చిందీ మద్రాసు నుంచే. అప్పట్లో అక్కడి కోడంబాక్కంలో ఉన్న మా ఆవిడకు నేను ఈ ఊరినుంచి రాసిన తొలి ఉత్తరాల్లో షూటింగుల సంగతులు తక్కువ. అద్దె ఎంత, నీళ్లు ఎన్నింటికి వస్తాయి, పిల్లకు బడి ఎక్కడ, ఇవే. అవి చదివే తను ధైర్యంగా సామాను సర్దుకుని వచ్చింది.

అక్కడ ఎడమకు తిరిగి పార్కు అంచునే నడిచాను. రోడ్ నంబర్ 45 కూడలి దాటాను. ఆ రోడ్డు పట్టుకుంటే 2020లో తెరిచిన దుర్గం చెరువు తీగల వంతెన వస్తుంది. నా దారి అది కాదు. ఫిలింనగర్ కూడలిలో మలుపు తిరిగితే ఎత్తు మొదలవుతుంది. గుట్ట మీద రామానాయుడు గారి స్టూడియో, ఇవతల ఫిలిం ఛాంబర్. మాతో పనిచేసిన ఎందరినో ఆ ఛాంబర్ ఆవరణలోనే కడసారి చూసుకున్నాం. చాలామంది నాతో ఎన్నో కబుర్లు చెప్పారు. కాగితం మీద పెట్టినవాళ్లు బహు తక్కువ. ఆ లోటు ఇప్పుడెవరూ తీర్చలేరు.

ఇల్లు చేరేసరికి ఎండెక్కింది. మా ఆవిడ అలమరలోంచి పాత రీలు డబ్బా తీసి ముందు పెట్టింది. మూత తీస్తే లోపల మద్రాసుకు రాసినవీ, ఫ్రిస్కో నుంచి రాసినవీ నా ఉత్తరాలన్నీ తేదీల వరసన ఉన్నాయి. నేను దాచినవి ఒక్కటీ లేవు. నాకు తను ఉత్తరాలు రాసే అవసరం ఎప్పుడూ పెద్దగా రాలేదు మరి.

కొత్త నోటుపుస్తకం ఒకటి కొని తన పెట్టెలో పెట్టాను. "పొద్దున్న ఎంత దూరం నడిచావో, ఎక్కడ కూర్చున్నావో రాయి" అన్నాను. డబ్బాలో ఇంకా సగం చోటుంది.